ఎక్కడికని అడగకూడదు

మా ఇంట్లో ఎవరైనా గడప దాటుతుండగా "ఎక్కడికి?" అని అడిగితే మా అత్తయ్యకు ఎక్కడలేని కోపం వస్తుంది. వెళ్ళేవాళ్ళను వెనక్కి పిలుస్తుంది, కూర్చోబెడుతుంది, మంచినీళ్ళు తాగిస్తుంది. అడిగినవాళ్ళను కాల్చేసేలా ఓ చూపు చూస్తుంది. ఆ తర్వాతే మళ్ళీ బయల్దేరనిస్తుంది. అలా అడిగితే వెళ్ళిన పని కాదని ఆవిడ నమ్మకం. పెళ్ళయిన కొత్తలో ఈ నీళ్ళు తాగే కార్యక్రమం వల్ల నాకెన్ని బస్సులు తప్పిపోయాయో చెప్పలేను.

అలాంటి ఇంటి కోడలినై ఉండి, బందరు ఊరు మొత్తాన్నీ పొద్దస్తమానం "ఎక్కడికి, ఎక్కడికి" అని అడిగే యంత్రం తయారుచేశాను. నా పేరు వకుళ. వాసనల మీద పరిశోధన చేస్తాను. చదువుకున్నదాన్నే, బుద్ధి మాత్రం కాస్త ఆలస్యంగా వచ్చింది.

మా ల్యాబులో మొదటిసారి అది పనిచేసిన రోజు నాకింకా గుర్తు. ఓ కుర్చీలో మావాళ్ళలో ఒకరు కాసేపు కూర్చుని లేచి వెళ్ళిపోయారు. అందరం భోంచేసి వచ్చాక యంత్రం గొట్టాన్ని కుర్చీ దగ్గర పెట్టాం. తెరమీద పేరొచ్చింది. ఆ మనిషి పొద్దున ఎవరి స్కూటర్ వెనక కూర్చుని వచ్చాడో ఆ పేరు కూడా వచ్చింది. మనిషి వెళ్ళిపోయినా వాసన గాలిలో, కుర్చీలో, పక్కవాళ్ళ బట్టల్లో ఉండిపోతుంది. పోలీసు కుక్కకు ఎప్పటినుంచో తెలిసిన సంగతే. కుక్కకు నోరు లేదు, మా యంత్రానికి ఉంది. అంతే తేడా.

రేవుకు ప్రమాదం పొంచి ఉందన్న హెచ్చరికలు అప్పట్లో తరచుగా వచ్చేవి. అందుకని ప్రభుత్వం ముందుగా మా ఊళ్ళోనే వీధి మలుపుల్లో స్తంభాలు పాతి, వాటి మీద ఆకుపచ్చ దీపాలున్న ఈ యంత్రాలు బిగించింది. కాగితాల మీద దాని పేరు ఆఘ్రాణ వ్యవస్థ. ఊరి జనం అంత పేరు మోయలేక 'ముక్కు' అన్నారు. ప్రతివాళ్ళూ ఓ నూలు గుడ్డ ముక్కను అరచేతుల్లో నలిపి ఇవ్వాలన్నారు. అందరూ వరసలో నిలబడి ఇచ్చారు. మా అత్తయ్య కూడా ఇచ్చింది. "దీంతో ఏం చేస్తారే?" అని అడిగింది. "ఎవరు ఎక్కడికి వెళ్ళారో తెలుసుకుంటారు" అన్నాను. ఆవిడ నన్ను అదోలా చూసింది.

ముక్కు వల్ల మంచి జరగలేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. కార్తీక పౌర్ణమినాడు మంగినపూడి బీచిలో ఓ పాప తప్పిపోయింది. అంత జనంలో ఏ బస్సు వెనక నిద్రపోయిందో ముక్కు వాసన పట్టి చూపించింది. ఆ తల్లి నా చెయ్యి పట్టుకుని ఏడ్చిన ఏడుపు తలుచుకుంటే నాకిప్పటికీ గర్వంగానే ఉంటుంది.

ఇంటి గాలిలో ఎలా పనిచేస్తుందో చూద్దామని టిఫిన్ డబ్బా అంత ముక్కొకటి ఇంటికి తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాను. వంటింట్లో ఇంగువ, పెరట్లో మల్లెలు, మా ఆయన తలకు రాసుకునే నూనె, అన్నిటినీ దాటుకుని మనుషుల్ని పోల్చుకుంటుందా అని నా అనుమానం. దివ్యంగా పోల్చుకుంది.

ఓ మంగళవారం సాయంత్రం మా ఆయన మంచినీళ్ళకని ఫ్రిజ్ తెరవబోయి తెర చదివాడు. ఆయన లెక్కల మాస్టారు. కంటి ముందున్నది చదవకుండా ఉండలేడు.

"అమ్మా, సీతారత్నం గారింటికి వెళ్ళావా? నీ చీర మీద నలుగురు ఆడవాళ్ళున్నారు. ముక్కుపొడి కూడా ఉంది" అన్నాడు. "ఆవిడింట్లో పేకాట ఆడతారని విన్నానే."

మా మామగారు పేకాటలో పడి ఇల్లూ వాకిలీ పట్టకుండా తిరిగిన మనిషి. ఆయన పోయాక మా ఆయన ఇంట్లోకి పేక ముక్క రానివ్వలేదు. అత్తయ్య మంగళవారాలు మధ్యాహ్నం ఎక్కడికో వెళ్ళి వస్తుందని మాకు తెలుసు. ఏ పురాణ కాలక్షేపానికో అనుకునేవాళ్ళం. అడిగే ప్రసక్తే లేదు కదా. ఆవిడ పెట్టిన నియమం ఇన్నేళ్ళూ ఆవిణ్ణే కాపాడిందన్నమాట.

అత్తయ్య చేతిలో గరిటె కింద పెట్టింది. "ఆడతారు. నేనూ ఆడతాను" అంది.

మా ఆయన కోప్పడలేదు. "నాకు చెప్పి వెళ్తే సరిపోయేదిగా, అమ్మా" అన్నాడు మెత్తగా. కోప్పడి ఉంటే ఆవిడా నాలుగు అనేది, గొడవ అక్కడితో పోయేది.

మరుసటి మంగళవారం అత్తయ్య వెళ్ళలేదు. వరండాలో కూర్చుని దీపానికి వత్తులు చేసుకుంది. ఆ తర్వాతి వారం కూడా అంతే. వత్తులు డబ్బా నిండిపోయి పొర్లిపోతున్నా చేస్తూనే ఉంది. నాకు ప్రాణం ఉసూరుమంది. పక్కన కూర్చుని, "తప్పు నాది అత్తయ్యా, ఆ దిక్కుమాలినదాన్ని ఇంటికి తేకుండా ఉండాల్సింది. మీరు వెళ్ళండి, ఆయనేం అనరు" అన్నాను.

"అనడని నాకూ తెలుసే. చెప్పి ఆడుకోవడం నాకు చేతకాదు. ఇంట్లో అందరికీ అన్నీ చేసిపెట్టాక ఆ కాసేపూ నేనెక్కడున్నానో ఎవరికీ తెలియదు. ఆ సుఖం కోసం వెళ్ళేదాన్ని. పేక నాకు సరిగ్గా రాను కూడా రాదు. ఎప్పుడూ ఓడిపోతాను."

శుక్రవారం వచ్చింది. మా ఇంట్లో శుక్రవారం తలంటు తప్పదు. అత్తయ్య నిప్పుల మీద సాంబ్రాణి వేసి, తడి జుట్టు ఆరబెట్టుకుని, అదే చేత్తో పూజగది నుంచి వంటింటిదాకా పొగ తిప్పింది. నేను యథాలాపంగా ఫ్రిజ్ మీదికి చూశాను. 'ఎవరూ లేరు' అని ఉంది. ముగ్గురం దాని ముందే నిలబడి ఉన్నాం.

"ఏమే, నీ ముక్కుకు జలుబు చేసిందా?" అంది అత్తయ్య.

అప్పుడు నాకు ఆయుధపూజ గుర్తొచ్చింది. ల్యాబులో మేం ముక్కుకే పూజ చేశాం. పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, అన్నీ. మామూలుగా మా ల్యాబులో అగరొత్తి వెలిగించినా అలారం కూస్తుంది. ఆ రోజు అలారం ఆపేసి మరీ యంత్రం చుట్టూ సాంబ్రాణి పొగ వేశాం. అది సాయంత్రందాకా ఉలకలేదు పలకలేదు. పండగనాడు యంత్రం కూడా సెలవు తీసుకుందని నవ్వుకుని స్వీట్లు పంచుకున్నాం. ఇంతమంది డాక్టరేట్లున్నవాళ్ళం, ఒక్కరమూ అనుమానపడలేదు. సాంబ్రాణి బంక పొగలో ఓ సన్నటి జిగురు ఉంటుంది. ముక్కు లోపలి రేకుల మీద పేరుకుని అది కాసేపు దాన్ని మొద్దుబార్చేస్తుంది. పొగ సోకిన బట్టల మీద మనిషి వాసన కూడా దొరకదు.

అత్తయ్య నా ముఖమే చూస్తోంది. "అవునత్తయ్యా, జలుబే" అన్నాను.

ఆవిడకు అది చాలు. తర్వాతి శుక్రవారం చీర కుచ్చిళ్ళలోకి కూడా పొగ పట్టించి, వీధి తలుపు తీసుకుని బయటికి నడిచింది. తిరిగొచ్చాక తెరమీద 'ఎవరూ లేరు' అనే ఉంది. ఆ సాయంత్రం ఎవరూ అడక్కుండానే గారెలు వేసింది. మా ఆయన తిని బాగున్నాయన్నాడు.

నిజానికి ఈ లోపం గురించి పైవాళ్ళకు వెంటనే రాయాలి. రాయలేదు. ముక్కుకు వారానికోసారి జలుబు చేస్తే కొంపేం మునిగిపోదులే అనుకున్నాను.

మునిగింది, వేరేవాళ్ళ కొంప.

మా ఊరి బజారులో కాలేషా గారిని ఎరగనివాళ్ళు లేరు. గురువారం, శుక్రవారం పొద్దున్నే ఒక చేతిలో పొగ చిప్ప, ఇంకో చేతిలో నెమలీకల కట్ట పట్టుకుని కోనేరు సెంటర్ నుంచి బస్టాండుదాకా ప్రతి దుకాణంలోనూ సాంబ్రాణి పొగ వేస్తాడు. హల్వా కొట్టు, బంగారం కొట్టు, మందుల షాపు, దేన్నీ వదలడు. హిందువుల కొట్టయినా, ముస్లింల కొట్టయినా ఆయన పొగ పడ్డాకే బోణీ. మా అత్తయ్య సాంబ్రాణి కూడా ఆయన దగ్గరే కొంటుంది. ఇద్దరూ బేరమాడుకునేటప్పుడు చూడాలి, కోర్టులో లాయర్లు చాలరు.

ఓ శనివారం భద్రతా విభాగం అధికారి సుధీంద్ర గారు నన్ను పిలిపించారు. మర్యాదస్తుడు. గొంతు పెంచడు, కాఫీ ఇవ్వకుండా మాట మొదలుపెట్టడు. గోడమీద ముందటి వారం ఊరి పటం వేసి చూపించారు. వీధుల్లో మనుషులు పచ్చ చుక్కలుగా కదులుతున్నారు. బజారులో మాత్రం ఓ నల్ల మచ్చ.

"ఈ మచ్చ నడుస్తోంది మేడమ్. వారానికి రెండు రోజులు, ఒకే దారిలో. మచ్చ ఉన్నంతమేరా మన ముక్కులకు ఎవరూ కనబడరు. కెమెరాల్లో చూశాం. మచ్చ మధ్యలో ఎప్పుడూ ఒకే మనిషి. కాలేషా. బుధవారమే తీసుకొచ్చాం."

నేను కాఫీ కప్పు బల్లమీద పెట్టేశాను. "ఆయన సాంబ్రాణి వేసుకునే మనిషండీ."

"అదే చెప్తున్నాడు. ఆయన నిప్పులు పరీక్ష చేయించాం. సాంబ్రాణి తప్ప ఇంకేం దొరకలేదు. అంటే మాకు దొరకనిదేదో కలిపారనే కదా. రేవు మీద ఏదైనా చేసేముందు ముక్కుల్ని ఎలా మూయాలో ఈయనతో ఎవరో పరీక్ష చేయిస్తున్నారని మా అనుమానం."

"ఒట్టి సాంబ్రాణే అయి ఉండొచ్చుగా."

ఆయన చిన్నగా నవ్వారు. "సాంబ్రాణి ఇంటింటా వేస్తారు మేడమ్. దానికే మన ముక్కు పడిపోయేటట్టయితే, మీరు మాకు ఎప్పుడో చెప్పి ఉండేవారు."

నేను నోరు మూసుకుని కూర్చున్నందుకు ఒక ముసలాయన నేరస్థుడయ్యాడు. ఇక దాచలేదు. ఆయుధపూజ దగ్గర్నుంచి ఫ్రిజ్ మీది ముక్కుదాకా అంతా చెప్పేశాను, అత్తయ్య పేకాట ఒక్కటి తప్ప.

సుధీంద్ర గారు లేచి గోడమీది పటం ఆపేశారు. తర్వాత, "బాగుచెయ్యడానికి ఎంత కాలం పడుతుంది?" అని అడిగారు.

"ఏడాది పట్టొచ్చు. మరి ఆయన్ని వదిలేస్తారుగా?"

"ఎలా వదలమంటారు? బయటికి వెళ్ళాక, తన పొగకు ముక్కు మూసుకుపోతుందని పదిమందికి చెప్పడా? అది వినకూడనివాళ్ళు వింటే? మీరు ఈ సంగతి సీల్డ్ కవర్‌లో రాసివ్వండి. ముక్కు బాగయ్యేదాకా ఆయన మా దగ్గరే ఉంటాడు. బాగానే చూసుకుంటాం." ఆయన గొంతులో కపటం లేదు. "నాకూ బాధగానే ఉంది మేడమ్. కానీ రేవులో పనిచేసే అంతమంది ప్రాణాలు నా మీదున్నాయి."

వెళ్ళేముందు కాలేషా గారిని చూస్తానంటే ఒప్పుకున్నారు. శుభ్రమైన గది, మంచం, ఫ్యాను. ఆయన మంచం మీద కాకుండా నేలమీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"అమ్మా, మీరు కామేశ్వరమ్మ గారి కోడలు కదూ. వీళ్ళేదో మందు పేరు చెప్పమంటన్నారు. నాకు తెలిసింది సాంబ్రాణొకటే తల్లీ. లేని పేరు యాడ్నుంచి తెచ్చి చెప్పేది?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఈ వారం కొట్లకి పొగ పడలేదు. అడుగుతన్నారా ఎవరన్నా?" అన్నాడు.

"అందరూ అడుగుతున్నారండీ" అన్నాను. అది నిజమే.

కాలేషా గారి భార్య మెహరున్నీసా అప్పటికే ఓ లాయరును పట్టుకుని కోర్టులో పిటిషన్ వేసింది. విచారణ సోమవారం. సీల్డ్ కవర్ ఇస్తే నా ఉద్యోగం భద్రం, ముక్కు భద్రం, కాలేషా గారు లోపల. కోర్టులో నిలబడి అందరి ముందూ చెప్తే, దాచడానికి రహస్యమంటూ మిగలదు కాబట్టి ఆయన్ని ఉంచడానికి కారణమూ మిగలదు. నేను మాత్రం గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టినదాన్ని. పైగా ఆ తర్వాత ఏ దుర్మార్గుడైనా సాంబ్రాణి చిప్ప పట్టుకుని రేవుకు బయల్దేరితే ఆ పాపం నాదే. ఆ బీచిలో పాప తల్లి ముఖం కూడా కళ్ళముందు మెదిలింది. ఆదివారమంతా అదే ఆలోచన.

అత్తయ్య పక్కన చేరి వత్తులు చేస్తూ అంతా చెప్పాను. ఆవిడ తల ఎత్తకుండా విన్నది.

"దాచుకోవడానికి ఏమీ లేనివాళ్ళకు భయమెందుకని అంటారు అత్తయ్యా మావాళ్ళు" అన్నాను.

"స్నానానికి వెళ్తే తలుపేసుకుంటామా లేదా? లోపలేం దొంగతనం చేస్తున్నామని?" అంది. ఇంకో వత్తి చేసి, "ఆ పాప దొరకడం మంచిదే. ఎవరైనా తప్పిపోతే వెతకమను. తప్పిపోనివాళ్ళను కూడా వెతకడమెందుకే?" అంది.

"నా ఉద్యోగం పోతుంది."

"పోతుంది" అని ఒప్పుకుంది. సముదాయించడం ఆవిడకు అలవాటు లేదు. "అయితే ఆ సాయిబుది లోపల నెలలు గడిపే వయసు కాదు. నాకంటే పెద్దవాడు."

సోమవారం పొద్దున చిన్న ముక్కును సంచిలో పెట్టుకుని చెప్పులు వేసుకుంటున్నాను. ల్యాబుకెళ్ళే టైము కాదు కాబట్టి మా ఆయన పేపరు మీంచి తల ఎత్తాడు. "ఎక్కడికి?" అన్నాడు.

లోపల్నుంచి అత్తయ్య పరుగులాంటి నడకతో వచ్చింది. నన్ను కుర్చీలో కూలేసింది. గ్లాసు చేతిలో పెట్టింది. కొడుకును మాత్రం ఎప్పటిలా చూడలేదు. "అది వెళ్ళే పని పెద్దది. పాడుచెయ్యకు" అని మాత్రం అంది. నేను నీళ్ళు తాగి లేచాను. మా ఆయన ఇంకేం అడగలేదు. పేపరు మడిచి, గేటు తీసి పట్టుకున్నాడు.

కోర్టు హాలు కిటకిటలాడిపోతోంది. బజారులో సగం కొట్లు మూసి వచ్చినట్టున్నారు. మేజిస్ట్రేటు గారు నడివయసు మనిషి, కళ్ళజోడు ముక్కు చివరకు జారుతుంటే వేలితో తోసుకుంటోంది. నేను ముందే కలిసి చెప్పడంతో కాలేషా గారి లాయరు సాక్షిగా నా పేరు పిలిపించగానే ప్రభుత్వ లాయరు లేచి, ఇవన్నీ రహస్య విషయాలు, సీల్డ్ కవర్‌లో తీసుకోవాలన్నాడు.

"ఒక మనిషిని లోపల పెట్టిన కారణం ఆ మనిషికి కూడా తెలియకూడదంటారా?" అందావిడ. "చెప్పండమ్మా."

చెప్పడం కాదు, చూపిస్తానన్నాను. బల్లమీద ముక్కు పెట్టి తెరను అందరి వైపూ తిప్పాను. అది ఓ నిమిషం గాలి పీల్చుకుని మొదలుపెట్టింది. హాల్లో ఎవరెవరున్నారో పేర్లు. తర్వాత ఎవరి మీద ఎవరి వాసన ఉందో. ప్రభుత్వ లాయరూ, కాలేషా గారి లాయరూ పొద్దున ఒకే బల్ల దగ్గర కూర్చుని సాంబార్ ఇడ్లీ తిన్నారని చెప్పింది. జనం నవ్వారు. తర్వాతి పేరు బంగారం కొట్టాయనది. దాని పక్కన ఇంకో పేరు రాబోతుండగా ఆయన గబుక్కున లేచి బయటికి నడిచాడు. అప్పుడెవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే తమ పేరు ఎప్పుడొస్తుందో అని తెర వైపు చూడటం మొదలుపెట్టారు. మేజిస్ట్రేటు గారు తన చీర కొంగు దగ్గరికి లాక్కుంది.

"చాలు. పొగ వేయండి" అంది.

కాలేషా గారి చిప్ప వస్తుసాక్ష్యంగా అక్కడే ఉంది. నిప్పులు తెప్పించారు. ఆయన బోనులోంచి దిగి, ఇంత సాంబ్రాణి చల్లి, అలవాటుగా నెమలీకలతో ఒక్క విసురు విసిరాడు. హాలంతా కమ్మగా అయింది. తెరమీద పేర్లు ఒక్కటొక్కటే ఆరిపోయి, చివరికి 'ఎవరూ లేరు' అని వచ్చింది. అంతమంది జనం ఒక్కసారి ఊపిరి వదిలారు. నేనూ వదిలాను.

"ఈ సంగతి ఇప్పుడు ఊరందరికీ తెలిసిపోయింది. మీకు అర్థమవుతోందా?" అని మేజిస్ట్రేటు గారు నన్నడిగింది.

"అవుతోందండీ. ముందే చెప్పి ఉంటే ఈయన ఇక్కడ ఉండేవాడు కాదు."

కాలేషా గారిని ఆ పూటే వదిలేశారు. మెహరున్నీసా ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతుంటే నా దగ్గర ఆగి, నా చెంపలు నిమిరి వెళ్ళిపోయింది.

మెట్ల దగ్గర సుధీంద్ర గారు ఎదురయ్యారు. కోపంగా లేరు, అలిసిపోయి ఉన్నారు. "మీకు సస్పెన్షన్ ఉత్తర్వు వస్తుంది మేడమ్. కేసు కూడా పెట్టొచ్చు. మేం సాంబ్రాణిని దాటే ముక్కు చేసుకుంటాం" అన్నారు.

"చేసుకోండి సార్. నేను మాత్రం చెయ్యను."

"మళ్ళీ పాపెవరైనా తప్పిపోతే?"

ఆ ప్రశ్నను నాతోపాటే ఇంటికి తెచ్చుకున్నాను.

గురువారం పొద్దున కాలేషా గారు బజారుకొచ్చేసరికి ఆయనకు పని లేకుండా పోయింది. ప్రతి కొట్టు ముందూ ఓ మూకుడో, పాత మట్టి పిడతో, అందులో నిప్పులు, పొగ. ఇళ్ళ గేట్ల దగ్గర కూడా. స్తంభాల మీది ఆకుపచ్చ దీపాలు వెలుగుతూనే ఉన్నాయి కానీ భద్రతా విభాగం గోడమీద ఆ రోజు పటమంతా నల్లగా ఉందని తర్వాత విన్నాను. కాలేషా గారు కాసేపు బిక్కమొహం వేసుకుని నిలబడి, తర్వాత చిప్ప కింద పెట్టి, సాంబ్రాణి ఉండలు అమ్ముకున్నాడట. మా అత్తయ్యతో బేరానికి మాత్రం ఒక్క మెట్టు దిగలేదట.

నాకు ఉత్తర్వు వచ్చింది. ల్యాబువాళ్ళు వచ్చి ఫ్రిజ్ మీది ముక్కును పట్టుకుపోయారు. ఆ చోట అత్తయ్య వత్తుల డబ్బా పెట్టింది.

మంగళవారం మధ్యాహ్నం అత్తయ్య జరీ అంచు చీర కట్టుకుని వరండాలోకి వచ్చింది. సాంబ్రాణి వెయ్యలేదు. శుక్రవారం కాదుగా. మా ఆయన స్కూలుకు సెలవు కాబట్టి అక్కడే కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. నేను ఉద్యోగం లేనిదాన్ని కాబట్టి కరివేపాకు దూస్తున్నాను. ఆవిడ చెప్పుల కోసం వెతుక్కుంటోంది.

మా ఆయన నోరు తెరిచాడు. నేను కరివేపాకు రెమ్మ పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆయన నోరు మూసుకుని లేచాడు. కుర్చీ కిందికి వెళ్ళిపోయిన చెప్పులు తీసి అమ్మ కాళ్ళ ముందు పెట్టాడు. ఎండగా ఉందని గొడుగు కూడా అందించాడు.

"వెళ్ళొస్తా" అంది అత్తయ్య.

"వెళ్ళిరా అమ్మా" అన్నాడు.

ఆవిడ గొడుగు వేసుకుని వీధి చివరిదాకా నడిచి, స్తంభం కిందనుంచి మలుపు తిరిగింది. ఆకుపచ్చ దీపం ఓసారి మిణుక్కుమంది. ఆవిడ ఎవరింటికి వెళ్తోందో దానికి తెలిసే ఉంటుంది. మా ఇంట్లో మాత్రం ఎవరూ అడగలేదు.